మెదడు మాట, యంత్రం చెవి

మొన్న పదో తరగతిలో నాడీవ్యవస్థ పాఠం చెబుతుండగా వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ! మనసులో అనుకున్నది కంప్యూటరు చదివేస్తోందటకదండీ. ఇక మేము పరీక్ష రాయడం ఎందుకండీ? తలకు టోపీ పెట్టుకుని కూర్చుంటే జవాబులు వాటంతట అవే దిగిపోతాయి!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. "ముందు జవాబు నీ మనసులో ఉండాలి కదరా!" అని నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, అది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదనిపించింది. వాడికి చెప్పవలసిన జవాబు కాస్త పెద్దది. మీరు కూడా వింటారని ఇక్కడ రాస్తున్నాను.

వాడు అడిగిన పరిశోధనకు 'బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్' అని పేరు. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయంలో జాక్ విడాల్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో రాసిన వ్యాసంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. తెలుగులో మెదడు-కంప్యూటర్ అనుసంధానం అనుకుందాం. ఇంటర్‌ఫేస్ అంటే రెండు వేర్వేరు వ్యవస్థలు కలుసుకునే చోటు. మన కృష్ణా కాలువల మీద లాకులు చూశారు కదా! ఎగువ నీటిమట్టం ఒకటి, దిగువ నీటిమట్టం మరొకటి. పడవ ఒక మట్టం నుంచి ఇంకొక మట్టానికి దిగాలంటే లాకులో ఆగి దిగాలి. అట్లాగే మెదడు భాష ఒకటి, కంప్యూటరు భాష మరొకటి. వాటి నడుమ ఉండే లాకే ఈ అనుసంధానం.

పత్రికలలో "ఆలోచనలు చదివే యంత్రం" అని పెద్ద అక్షరాలతో వేస్తుంటారు. ఆ మాట సరికాదు. ఇప్పుడున్న యంత్రాలు చేసేది, మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలలో ఒక చిన్న మార్పును పట్టుకుని, "ఈ మనిషి ఫలానాది ఉద్దేశించి ఉంటాడు" అని అంచనా వేయడం. చదవడం వేరు, అంచనా వేయడం వేరు. ఈ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు. మా పెదనాన్నగారి మంచం పక్కన తెలిసింది.

రెప్పలతో రాసిన మాటలు

మా పెదనాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదిహేనేళ్ళ క్రిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. మామూలుగా ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతాయే, అటువంటిది కాదు. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసేచోట రక్తనాళం మూసుకుపోయింది. మెదడు ఒంటికి ఇచ్చే ఆజ్ఞలన్నీ ఆ ఇరుకు దారినే వెళ్ళాలి. దారి మూసుకుపోవడంతో చేతులు, కాళ్ళు, మాట అన్నీ పోయాయి. కనురెప్పలు కదిలేవి. కనుగుడ్లు పైకీ కిందికీ తిరిగేవి. అంతే. తెలివి, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. డాక్టరుగారు దీనిని 'లాక్డ్-ఇన్' స్థితి అన్నారు. అంటే మనిషిని ఇంట్లో ఉంచి బయట తాళం వేసినట్లన్నమాట.

మొదట్లో, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప మూయమని చెప్పి ప్రశ్నలు వేసేవాళ్ళం. దాహమా? నొప్పా? ఫ్యాను వేయమంటారా? కాని మేము అడగని సంగతి ఆయన ఎట్లా చెబుతారు? ఒకనాడు మా పెద్దమ్మ, ఆయన బడిలో వాడిన అక్షరమాల పటమే గోడకు తగిలించింది. ఆమె వరుసలు పిలుస్తుంది. "క వర్గం... చ వర్గం... ట వర్గం..." సరైన వరుస రాగానే ఆయన రెప్ప మూస్తారు. తరువాత ఆ వరుసలోని అక్షరాలు ఒక్కొక్కటే పిలుస్తుంది. మళ్ళీ రెప్ప. అక్షరం దొరికినట్లే.

ఇందులో ఒక మంచి లెక్క ఉంది, చూడండి. క నుంచి మ దాకా వర్గాక్షరాలు 25. వాటిని వరుసగా పిలుచుకుంటూ పోతే ఒక అక్షరం దొరకడానికి సగటున 13 పిలుపులు కావాలి. ముందు వర్గం, తరువాత అక్షరం అంటే సగటున 6 పిలుపులు చాలు. ఇంకా తెలివిగా, "ఈ సగంలో ఉందా? ఆ సగంలో ఉందా?" అని సగాలు చేసుకుంటూ పోతే 5 ప్రశ్నలకు మించి అక్కరలేదు. ఎందుకంటే 5 అవును-కాదు జవాబులతో 32 వస్తువుల వరకు విడదీయవచ్చు. రెండూ సమానంగా సాధ్యమైనప్పుడు ఒక అవును-కాదు జవాబు మోసుకువచ్చే సమాచారాన్ని 'బిట్' అంటారు. మీరు కంప్యూటరు పాఠంలో చదివే బిట్ ఇదే. మెదడు-కంప్యూటర్ అనుసంధానం మంచిదా కాదా అని కొలిచేటప్పుడు శాస్త్రజ్ఞులు అడిగే మొదటి ప్రశ్న, నిమిషానికి ఎన్ని బిట్లు? దీనికి 'సమాచార బదిలీ వేగం' అని పేరు.

గుణింతాలు, వత్తులు అడుగుతూ పోతే పొద్దు గూకుతుంది కాబట్టి పెద్దమ్మ హల్లులు మాత్రమే పట్టుకునేది. "మ-జ-గ" అని రాగానే "మజ్జిగా?" అనేది. ఒక రెప్ప. అవును! ఇట్లా బాగానే సాగుతుండగా ఒక సాయంత్రం "ప-ల" అని వచ్చింది. వెంటనే పాలు కాచి తెచ్చారు. రెండు రెప్పలు, కాదు. చల్లార్చి తెచ్చారు. కాదు. పంచదార వేశారు. కాదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరకు మళ్ళీ మొదటి నుంచి అడిగితే "ప-ల-మ" అని వచ్చింది. పొలం! అది ఆగస్టు నెల. మాది శివారు భూమి. కాలువ నీళ్ళు ఊళ్ళన్నీ దాటి ఆఖరుకు మా దగ్గరకు రావాలి. నీరు అందిందా లేదా, నాట్లు పడ్డాయా లేదా అన్నది ఆయన ప్రశ్న. మంచంలో ఉన్నవాడికి పాలు తప్ప ఇంకేం కావాలనుకున్న మేము ఆ రెండక్షరాలలో పాలే చూశాం.

ఇప్పుడు చెప్పండి. మేము ఆయన ఆలోచన చదివామా? లేదు. రెప్ప అనే సంకేతాన్ని పట్టుకున్నాం. దానిని అక్షరంగా విప్పాం. అక్షరాల నుంచి మాట ఊహించాం. ఊహ ఒకసారి తప్పింది. రెండు రెప్పలతో ఆయన మమ్మల్ని దిద్దారు. ఈ శాస్త్రంలో ఉన్నవి ఈ మెట్లే. పేర్లు మాత్రం వేరు. సంకేతాన్ని విప్పేది 'డీకోడర్'. మజగ అనగానే మజ్జిగ అని పూరించేది 'భాషా నమూనా'. పాలు తేవడం 'డీకోడింగ్ దోషం'. కాదని రెప్ప కొట్టడం 'ఫీడ్‌బ్యాక్'.

మరి రెప్ప కూడా ఆడని వారి సంగతి ఏమిటి? కండరాలకు ఆజ్ఞలు మోసే నాడీకణాలు క్రమంగా నశించే జబ్బు ఒకటి ఉంది. దానిని ఎ.ఎల్.ఎస్. అంటారు. ముదిరితే కొందరిలో కళ్ళ కదలిక కూడా పోవచ్చు. అటువంటివారి కోసమే రెప్పను దాటి నేరుగా మెదడు దగ్గరకే వెళ్ళి సంకేతం పట్టుకోవాలన్న ఆలోచన పుట్టింది.

ప్రాకారం బయట నిలబడి వినడం

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక కణం మరొక కణానికి కబురు పంపేటప్పుడు దాని పొర మీద విద్యుత్ స్థితి ఒక్కసారిగా తారుమారై మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఇదంతా సుమారు సెకనులో వెయ్యోవంతులో జరిగిపోతుంది. మీ పాఠంలో దీనిని నాడీ ప్రచోదనం అన్నాం. పరిశోధకులు దీనిని 'స్పైక్' అంటారు. కాగితం మీద గీస్తే మేకులాగా లేచి పడుతుంది కాబట్టి ఆ పేరు.

ఒక్క కణం స్పైకును తల బయట నుంచి పట్టుకోవడం సాధ్యం కాదు. కాని వేలకు వేల కణాలు ఒకే లయలో పనిచేసినప్పుడు వాటి విద్యుత్ ప్రభావాలు కలిసి నెత్తి మీది చర్మం దాకా వస్తాయి. కార్తీక పౌర్ణమికి బందరు చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవానికి వెళ్ళారా? గుడి ప్రాకారం బయట నిలబడితే లోపల ఒక్కొక్కరు మాట్లాడుకునేది మీకు వినపడదు. అందరూ కలిసి ఒక్కసారిగా స్వామి నామం పలికితే మాత్రం గోడ దాటి వినిపిస్తుంది. పుర్రె బయట నుంచి మెదడును వినడం ఇటువంటిదే. ఈ పద్ధతిని ఇ.ఇ.జి. అంటారు. పూర్తి పేరు ఎలక్ట్రో ఎన్‌సెఫలోగ్రఫీ. మూర్ఛ రోగులకు ఆసుపత్రులలో తీసేది ఇదే. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల నుంచి ఈ తరంగాలు నమోదు చేశాడు. తన యంత్రం మీద తనకే అనుమానం. ఐదేళ్ళు మళ్ళీ మళ్ళీ పరీక్షించి 1929లో గాని ప్రకటించలేదు. మనిషి మెలకువగా ఉండి కళ్ళు మూసుకుంటే తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే తరంగాలు వస్తాయనీ, కళ్ళు తెరవగానే అవి అణగిపోతాయనీ ఆయన గమనించాడు. వీటిని 'ఆల్ఫా తరంగాలు' అంటారు.

ఈ విద్యుత్తు ఎంత? 10 నుంచి 100 మైక్రోవోల్టులు. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టులు కదా! 50 మైక్రోవోల్టులంటే అందులో 30 వేలవ వంతు. తలకు తగిలించే లోహపు బిళ్ళను 'ఎలక్ట్రోడ్' అంటారు. అది ఈ కాస్త విద్యుత్తునే పట్టుకోవాలి. అదే సమయంలో రెప్ప కొడితే అంతకంటె పెద్ద అల వస్తుంది. పళ్ళు బిగిస్తే దవడ కండరాల అలజడి. గదిలో కరెంటు తీగల నుంచి సెకనుకు 50 సార్ల మోత. అక్కరలేని ఈ గోలనంతా 'నాయిస్' అంటారు. అందులో రెప్ప, దవడ వంటి వాటి నుంచి వచ్చి మెదడు సంకేతంలాగా నటించే దానికి 'ఆర్టిఫాక్ట్' అని ప్రత్యేకంగా పేరు. ఎవరైనా తల పట్టీ పెట్టుకుని "మనసుతో బొమ్మకారు నడుపుతున్నాను" అంటే, కనుబొమలు ఎగరేస్తున్నాడేమో ముందు చూడండి!

గోలలో నుంచి సంకేతాన్ని ఎట్లా తీస్తారు? ఒక ఉపాయం, ఒకే పనిని చాలాసార్లు చేయించి సగటు తీయడం. సంకేతం ప్రతిసారీ ఒకే విధంగా వస్తుంది. గోల ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చి తనను తాను కొట్టేసుకుంటుంది. 16 సార్లు సగటు తీస్తే గోల నాలుగో వంతుకు తగ్గుతుంది. కాని దీనికి మూల్యం కాలం. 16 సార్లు చేయాలంటే ఆలస్యమే కదా! ఇ.ఇ.జి. పద్ధతులు నెమ్మదిగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

మా పెద్దమ్మ పటం లాంటిదే ఒకటి అమెరికాలో ఫార్వెల్, డాంచిన్ అనే ఇద్దరు 1988లో తయారుచేశారు. అడ్డం 6, నిలువు 6 గళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని గుర్తులు. అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఒకదాని తరువాత ఒకటి తటాలున మెరుస్తుంటాయి. మీరు ఒక అక్షరాన్నే చూస్తూ అది మెరిసినప్పుడల్లా లెక్కపెట్టాలి. ఎదురుచూస్తున్నది ఎప్పుడో ఒకసారి వచ్చినప్పుడు, దాదాపు 300 మిల్లీసెకన్ల తరువాత మెదడులో ఒక అల లేస్తుంది. 300 మిల్లీసెకన్లంటే సెకనులో మూడోవంతు కంటె తక్కువే. ఆ అల పేరు 'పి-300'. ఏ అడ్డు వరుసకు, ఏ నిలువు వరుసకు అల లేచిందో కంప్యూటరు చూస్తుంది. ఆ రెండూ కలిసే గడిలోనిదే మీ అక్షరం. రెప్ప కూడా వేయనక్కరలేదు. మొదటి ప్రయోగంలో వేగం నిమిషానికి రెండక్షరాలకు కొంచెం ఎక్కువ. మా పెద్దమ్మ ఇంకా వేగంగా చదివేది!

హైదరాబాదు విద్యార్థి, సియాటిల్ ప్రయోగం

కొన్ని పద్ధతులకు మెరిసే పటం కూడా అక్కరలేదు. నడినెత్తి మీదుగా ఒక చెవి నుంచి మరో చెవికి పట్టీ కట్టుకుంటే, దాదాపు దాని కింద ఉన్న మెదడు పొరలో ఒంటి కదలికలకు ఆజ్ఞలిచ్చే ప్రాంతం ఉంటుంది. దానిని 'మోటార్ కార్టెక్స్' అంటారు. ఎడమ భాగం కుడిచేతికి, కుడి భాగం ఎడమచేతికి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు అక్కడి కణాలు ఒకే లయలో ఊగుతుంటాయి. దీనికి 'మ్యూ లయ' అని పేరు. చెయ్యి కదిలిస్తే ఆ లయ చెదిరి తరంగం చిన్నదౌతుంది. విచిత్రమేమంటే, చెయ్యి కదపకుండా కదిపినట్లు ఊహించుకున్నా చిన్నదౌతుంది. ఈ ఊహకు 'మోటార్ ఇమేజరీ' అని పేరు.

హైదరాబాదు కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకుని అమెరికా వెళ్ళిన రాజేష్ రావు అనే శాస్త్రజ్ఞుడు దీనినే ఆధారం చేసుకుని ఒక ప్రయోగం చేశారు. ఆయన సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 2013 ఆగస్టు 12న ఆయన ఇ.ఇ.జి. టోపీ పెట్టుకుని కంప్యూటరు తెర ముందు కూర్చున్నారు. తెర మీద ఒక ఆట. ఫిరంగి పేల్చవలసిన క్షణంలో ఆయన కుడిచేతిని కదిపినట్లు ఊహించుకున్నారు, కదపలేదు. అదే ప్రాంగణంలో దూరంగా మరొక ప్రయోగశాలలో ఆయన సహచరుడు ఆండ్రియా స్టోకో కూర్చున్నారు. ఆయనకు ఆట తెర కనపడదు. తల మీద ఎడమవైపు ఒక తీగచుట్ట ఉంది. రావుగారి మ్యూ లయ చెదరగానే కంప్యూటరు ఇంటర్‌నెట్ ద్వారా ఆ తీగచుట్టకు కబురు పంపింది. చుట్టలో విద్యుత్తు పారి, అయస్కాంత క్షేత్రం మారి, స్టోకోగారి మెదడులో చిన్న విద్యుత్ ప్రేరణ పుట్టింది. ఆయన కుడిచేతి వేలు తనంతట తాను కదిలి మీట నొక్కింది. ఫెరడే సూత్రం పాఠంలో తీగచుట్ట, అయస్కాంతం చూపించానే, ఇక్కడ ఉన్నది అదే సూత్రం. ఈ పద్ధతి పేరు టి.ఎం.ఎస్.

ఇదంతా విని "ఒకరి ఆలోచన మరొకరికి పంపారు" అంటారేమో! అక్కడ ప్రయాణించింది "ఇప్పుడు" అన్న ఒక్క సంకేతం మాత్రమే. రావుగారు ఏ భాషలో ఆలోచిస్తున్నారో, ఆకలిగా ఉన్నారో లేదో ఏదీ వెళ్ళలేదు.

ప్రాకారం లోపలికి

గోడ బయట వినడం చాలనప్పుడు లోపలికి వెళ్ళాలి. పుర్రె తెరిచి మెదడు పైభాగాన ఎలక్ట్రోడ్ల పలక పరిస్తే అది గోడ ఎక్కి వినడం. దీనిని 'ఇ-కాగ్' అంటారు. సన్నని సూదులను మెదడు పొరలోనే గుచ్చితే అది జనం మధ్య మైకు పెట్టడం. ఒక్కొక్క కణం స్పైకులు అప్పుడే వినపడతాయి. ఆపరేషను అవసరమైన ఇటువంటి పద్ధతులను 'ఇన్వేసివ్' అంటారు. ఇ.ఇ.జి. వంటివి 'నాన్-ఇన్వేసివ్'. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో తయారైన 'యూటా అరే' అనే పరికరం నాలుగు మిల్లీమీటర్ల చదరం. అంటే ఒక మినపగింజ అంత. అందులో 100 సూదులు! కత్తిపోటుకు వెన్నుపాము తెగి మెడ కింద కదలిక పోయిన మాథ్యూ నాగల్ అనే యువకునికి 2004లో దీనిని అమర్చారు. ఆయన చెయ్యి కదపాలని ప్రయత్నిస్తే తెర మీది బాణంగుర్తు కదిలింది. 2024 జనవరిలో న్యూరాలింక్ అనే సంస్థ మొదటిసారిగా ఒక మనిషికి అమర్చిన పరికరంలో 64 దారాల మీద 1,024 ఎలక్ట్రోడ్లు ఉన్నాయి. వాటిలో కొన్ని దారాలు కొద్ది వారాలకే మెదడు నుంచి వెనక్కి జారాయి. మెదడు మెత్తగా, కదులుతూ ఉండే వస్తువు. పైగా బయటి వస్తువు చుట్టూ అది మచ్చ కట్టేసుకుంటుంది. ఆపరేషనుకు, చీము పట్టడానికి ఉండే ప్రమాదాలు సరేసరి.

సరే, 100 సూదుల నుంచి స్పైకులు వచ్చాయి. వాటిని బట్టి చెయ్యి ఎటు కదలాలనుకుందో ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ ఒక అందమైన సంగతి ఉంది. 1980లలో జార్జోపౌలోస్ అనే శాస్త్రజ్ఞుడు కోతులలో గమనించాడు. మోటార్ కార్టెక్సులో ఒక్కొక్క కణానికి ఒక్కొక్క దిక్కంటే ఇష్టం. చెయ్యి ఆ దిక్కుకు వెళ్ళేటప్పుడు ఎక్కువ స్పైకులు, పక్కకు వెళ్ళేటప్పుడు కొంచెం తక్కువ, ఎదురు దిక్కుకు వెళితే బాగా తక్కువ. ఒక్క కణాన్ని నమ్మితే తప్పు వస్తుంది. సముద్రపు ఒడ్డున అలివి వల లాగేవారిని చూడండి. ఒకడు కొంచెం ఎడమకు, ఒకడు కుడికి, ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా లాగుతాడు. అందరి బలాలూ కలిసి వల ఒకే దిక్కుకు వస్తుంది. అట్లాగే ఒక్కొక్క కణాన్ని ఒక బాణంగా గీసి, స్పైకులను బట్టి పొడవు ఇచ్చి, అన్నిటినీ కూడితే చెయ్యి వెళ్ళదలచిన దిక్కు వస్తుంది. మీరు భౌతికశాస్త్రంలో చేసే సదిశల కూడికే! దీని పేరు 'పాపులేషన్ వెక్టర్'. ఇప్పటి డీకోడర్లు ఇంకా క్లిష్టమైన గణితం వాడతాయిగాని చాలావాటికి మూలభావం ఇదే.

డీకోడరుకు పుట్టుకతో ఏమీ తెలియదు. "ఇప్పుడు కుడికి ఊహించండి, ఇప్పుడు ఎడమకు" అని చేయించి, ఆ సంకేతాలు చూపించి నేర్పాలి. దీనిని 'కాలిబ్రేషన్' అంటారు. నా మెదడుతో నేర్చిన డీకోడరు మీ తలకు పనికిరాకపోవచ్చు. నాకే రేపటికి మళ్ళీ దిద్దవలసి రావచ్చు. అందుచేత మనకు తెలియకుండా దూరం నుంచి మన ఆలోచనలు లాగేస్తారేమోనన్న భయం అక్కరలేదు. సహకరించకపోతే ఈ యంత్రం ఒక్క అక్షరం కూడా రాయలేదు.

యంత్రం నేర్చుకోవడమే కాదు, మెదడూ నేర్చుకుంటుంది. 1969లో అదే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎబర్‌హార్డ్ ఫెట్జ్ ఒక కోతి మెదడులోని ఒక్క నాడీకణాన్ని ఒక మీటరు ముల్లుకు కలిపాడు. ఆ కణం ఎక్కువ స్పైకులు ఇస్తే ముల్లు జరుగుతుంది, కోతికి అరటిపండు రుచిగల బిళ్ళ దొరుకుతుంది. కొద్దిసేపటిలో కోతి ఆ కణాన్ని తన ఇష్టప్రకారం ఆడించడం నేర్చుకుంది! ఫలితం కళ్ళకు కనపడాలి, దానిని చూసి మెదడు సర్దుకోవాలి. ఇదే ఫీడ్‌బ్యాక్. ఇట్లా మెదడు, యంత్రం ఒకదానినొకటి దిద్దుకునే ఏర్పాటును 'క్లోజ్డ్ లూప్' అంటారు. సైకిలు నేర్చుకున్నప్పుడు మీరు చేసింది ఇదే.

ఎదురు దిశలో, అంటే యంత్రం నుంచి నాడులకు కబురు పంపే పరికరం మీలో కొందరు చూసే ఉంటారు. పుట్టుచెవిటి పిల్లలకు చెవి వెనుక అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్. అది శబ్దాన్ని విద్యుత్ ప్రేరణలుగా మార్చి నేరుగా శ్రవణనాడికి అందిస్తుంది. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం క్రింద చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్లు చేయించారు.

ఎంతవరకు వచ్చింది?

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, చేతులు కదలని ఒక మనిషి కాగితం మీద అక్షరాలు రాస్తున్నట్లు ఊహించుకుంటే ఆ అక్షరాలు తెర మీద పడేట్లు చేశారు. నిమిషానికి 90 అక్షరాలు! 1988 నాటి రెండక్షరాలతో పోల్చి చూడండి. కాని అది ఇ.ఇ.జి., ఇది మెదడులో సూదులు, ఆ తేడా మరిచిపోవద్దు. 2023లో అదే విశ్వవిద్యాలయంలో ఎ.ఎల్.ఎస్. వల్ల మాట పోయిన ఒకామె మాట్లాడటానికి ప్రయత్నిస్తే నిమిషానికి 62 మాటలు తెర మీదికి వచ్చాయి. లక్షా పాతికవేల మాటల నిఘంటువులో నుంచి ఎంచుకునేటప్పుడు నూటికి దాదాపు 24 మాటలు తప్పుపోయాయి. నూటికి 24 అంటే ప్రతి నాలుగు మాటలలో దాదాపు ఒకటి. పొలం అంటే పాలు! ఆ తరువాత తప్పులు బాగా తగ్గించారు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంవారు 2024లో మరొక రోగి విషయంలో నూటికి 97కు పైగా మాటలు సరిగా రాబట్టారు.

అన్నీ విజయాలే అనుకోకండి. రెప్ప కూడా ఆడని నలుగురు రోగులు మెదడులోని రక్తంలో వచ్చే మార్పుల ద్వారా అవును-కాదు అని జవాబులు చెప్పారని 2017లో ఒక పరిశోధన వెలువడింది. లోకమంతా సంతోషించింది. లెక్కలు మళ్ళీ చూస్తే ఆ నిర్ణయానికి తగిన ఆధారం లేదని తేలి, 2019లో ఆ పత్రిక దానిని ఉపసంహరించుకుంది. భాషా నమూనాలు తెలివిమీరేకొద్దీ ఈ ప్రమాదం ఎక్కువ. రోగి అననిదాన్ని యంత్రమే చక్కగా పూరించి, అందమైన వాక్యం చేసి పెట్టగలదు. అది ఆయన మాటో, యంత్రం మాటో ఎవరు చెప్పాలి? ఇంట్లో వాళ్ళకు పాలు నిజమే అనిపిస్తుంది.

మన దేశంలో ఇంకొక చిక్కు కూడా వచ్చింది. నేరం చేశాడేమోనని అనుమానితుడి తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, నేరానికి సంబంధించిన మాటలు వినిపించి, మెదడు తరంగాలను బట్టి వాడికి ఆ సంగతి తెలుసని నిర్ణయించే పరీక్షలు కొన్నిచోట్ల చేశారు. 2010లో సుప్రీంకోర్టు, మనిషి సమ్మతి లేకుండా ఇటువంటి పరీక్షలు చేయరాదని తీర్పు చెప్పింది. అల లేచిందంటే ఆ మాట మెదడుకు పట్టిందని అర్థం. కత్తి అన్న మాటకు అల లేస్తే హంతకుడే కానక్కరలేదు, ఆ వార్త పేపరులో చదివినవాడూ కావచ్చు.

మన భాష సంగతి చూద్దాం. నేను చెప్పిన ఈ డీకోడర్లు ఇంగ్లీషుకు తయారైనవి. ఇంగ్లీషు గళ్ళలో 26 అక్షరాలు ఇముడుతాయి. మనకు హల్లు, గుణింతం, వత్తు, మూడు ఎంపికలు. పైగా వచ్చాడు, వచ్చిందట, రాలేదుగా, రానివ్వరేమో... ఒక ధాతువుకు ఎన్ని రూపాలో! ఇంగ్లీషు నిఘంటువు తీసి తెలుగుది పెడితే సరిపోదు. మన మాటకు తగిన పటం మనమే వేసుకోవాలి. ఆ పని ఇప్పుడే, కంప్యూటరు లేకుండానే మొదలుపెట్టవచ్చు. ఎట్లాగంటారా?

మీ తెలుగు వాచకంలో ఒక పేజీ తీసుకోండి. ఏ హల్లు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. వత్తులను కూడా లెక్కలో వేయండి. ఎక్కువసార్లు వచ్చినవాటిని మొదటి వరుసలోనూ, ప్రతి వరుసలో మొదటి గళ్ళలోనూ ఉంచి కొత్త పటం ఒకటి తయారుచేయండి. ఇప్పుడు మీ స్నేహితుణ్ణి కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి, మనసులో ఒక వాక్యం అనుకోమనండి. రెప్పలతో మాత్రమే చెప్పాలి. మొదట మామూలు అక్షరమాల పటంతోనూ, తరువాత మీ పటంతోనూ అదే వాక్యాన్ని రాబట్టండి. ఎన్ని పిలుపులు పట్టాయి? ఎన్ని నిమిషాలు పట్టింది? గుణింతాలు అడగకుండా ఊహించినప్పుడు ఎన్ని మాటలు తప్పారు? మూడు లెక్కలూ రాసుకోండి. పాతది, కొత్తది అలవాటు పడటంలో తేడా రాకుండా ఇద్దరు ముగ్గురితో చేయించండి. కొందరితో కొత్త పటం ముందు, పాతది తరువాత.

మా పదో తరగతి వారికి ఈ పని అప్పగించాను. పరీక్ష ఎగ్గొట్టాలనుకున్న ఆ కుర్రవాడే ముందుగా పటం తెచ్చాడు. అందులో 'ఙ', 'ఞ' లను ఏకంగా చివరి గడికి నెట్టేశాడు. "ఇవి ఎప్పుడో గాని రావు కదండీ" అన్నాడు. కాని 'ళ' ను కూడా అక్కడే పెట్టాడు. వాడి స్నేహితుడు "నీళ్ళు" అని అడగడానికి ఎన్నిసార్లు రెప్ప కొట్టాడో మీరే లెక్క చూడండి.